సొంతంగా అనలాగ్ మిక్సింగ్ కన్సోల్ తయారు చేసుకోవడం ఎలా

ఈసారి ఏదైనా మిక్సర్ ముందు కూర్చున్నప్పుడు ఒక పని చేసి చూడండి. ఛానల్ ఫేడర్లన్నీ పూర్తిగా కిందికి దించండి. మాస్టర్ ఫేడర్‌ను సున్నా గీత దగ్గర ఉంచి, హెడ్‌ఫోన్ వాల్యూమ్ బాగా పెంచి వినండి. లోపల ఏ సిగ్నలూ లేకపోయినా ఏదో వినిపిస్తుంది. పైన సన్నగా హిస్, దాని అడుగున హమ్. ఫేడర్లు మూసే ఉన్నాయి కాబట్టి ఇందులో మైక్ ప్రీఆంప్‌ల (మైక్ నుంచి వచ్చే చిన్న సిగ్నల్‌ను పెంచే స్టేజ్‌ల) పాత్ర లేదు. ఫేడర్ల తర్వాతి భాగంలో, ఛానళ్లు ఒకచోట కలిసే బస్‌లో, గ్రౌండ్ తీగల్లో పుట్టిన శబ్దం అది.

సొంతంగా కన్సోల్ కట్టాలనుకునేవాళ్లు చాలామంది మంచి ప్రీఆంప్ చిప్ కోసం నెలల తరబడి వెతుకుతారు. గ్రౌండ్ ఎలా వెళ్లాలన్నది మాత్రం అన్నీ బిగించే రోజున ఆలోచిస్తారు. నేనూ మొదటిసారి అలాగే చేశాను. పూర్తయిన కన్సోల్‌ను విప్పి, వైరింగ్ మొత్తం తీసేసి, మళ్లీ మొదటి నుంచి చేయాల్సి వచ్చింది. అందుకే ఈ గైడ్‌లో బస్‌కూ గ్రౌండ్‌కూ ఎక్కువ చోటు ఇస్తున్నాను. మీకు సోల్డరింగ్ వచ్చనీ, ఆప్-ఆంప్ సర్క్యూట్ చూస్తే అర్థమవుతుందనీ అనుకుంటున్నాను.

ముందు కాగితం మీద

ఎన్ని మైకులు, ఎన్ని లైన్ ఇన్‌పుట్లు, ఎన్ని ఆక్స్ సెండ్లు (ఛానల్ సిగ్నల్‌ను విడిగా ఇంకో చోటుకు పంపే దారులు) కావాలో రాసుకోండి. మొదటి కన్సోల్‌కు 8 ఛానళ్లు, ఒక స్టీరియో బస్, రెండు ఆక్స్‌లు, పీఎఫ్ఎల్ (ఫేడర్‌కు ముందే ఒక ఛానల్‌ను విడిగా వినే బటన్) చాలు. ఆక్స్‌లలో ఒకటి ఫేడర్‌కు ముందు నుంచి తీసుకోండి, పాడేవాళ్ల హెడ్‌ఫోన్‌కు అది పనికొస్తుంది. రెండోది ఫేడర్ తర్వాత నుంచి తీసుకుంటే రివర్బ్ లాంటి ఎఫెక్టులకు వాడొచ్చు. ఆశపడి సబ్‌గ్రూపులు, వీసీఏలు (కొన్ని ఛానళ్లను కలిపి ఒకే ఫేడర్‌తో నడిపే ఏర్పాట్లు) కూడా చేర్చితే పని రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. కింద లెక్కలకు మాత్రం 16 ఛానళ్ల కన్సోల్‌ను ఉదాహరణగా తీసుకుంటాను, తేడా బాగా కనిపిస్తుందని.

తర్వాత లెవెల్ డయాగ్రమ్ గీయండి. ఎడమ చివర మైక్, కుడి చివర అవుట్‌పుట్ పెట్టి, ప్రతి స్టేజ్ దగ్గర సిగ్నల్ ఎంత ఉంటుందో, అక్కడ గరిష్ఠంగా ఎంత పడుతుందో రాయాలి. 0 డీబీయూ అంటే 0.775 వోల్టులు. ప్రొఫెషనల్ లైన్ లెవెల్ +4 డీబీయూ, అంటే 1.23 వోల్టులు. కన్సోల్ లోపల మాత్రం −2 డీబీయూ దగ్గర నడపమని నా సలహా. కారణం సులువే: బ్యాలెన్స్‌డ్ అవుట్‌పుట్‌లో రెండు కాళ్లూ ఎదురెదురుగా ఊగుతాయి కాబట్టి అక్కడ 6 డీబీ దానంతట అదే పెరుగుతుంది, బయటికి +4 వస్తుంది. ±17 వోల్టుల సప్లై ఇస్తే ఎన్ఈ5532 లాంటి ఆప్-ఆంప్ సుమారు +22 డీబీయూ దాకా క్లిప్ అవకుండా ఇస్తుంది. అంటే లోపల మీకు దాదాపు 24 డీబీ హెడ్‌రూమ్ (క్లిప్ అవకుండా పైన మిగిలే చోటు) ఉన్నట్టు.

ఛానల్ లోపల

మైక్ ప్రీఆంప్‌ను విడి ట్రాన్సిస్టర్లతో కట్టాలన్న పట్టుదల మొదటిసారికి వద్దు. ఇదే పని కోసం తయారైన టీహెచ్ఏటీ1512, ఐఎన్ఏ217 లాంటి చిప్‌లు తీసుకోండి. 150 ఓమ్‌ల మైక్ తనకు తానుగా పుట్టించే నాయిస్ 20 కిలోహెర్ట్జ్ బ్యాండ్‌లో −131 డీబీయూ ఉంటుంది. ప్రకృతి పెట్టిన హద్దు అది, ఏ చిప్ కూడా దాన్ని దాటలేదు. పూర్తి గెయిన్‌లో మీ ప్రీఆంప్ దానికి రెండు మూడు డీబీల దూరంలో ఉంటే చాలు, అక్కడితో ఆపి మిగతా పని చూసుకోవచ్చు.

ఫాంటమ్ పవర్ (కండెన్సర్ మైకులకు మైక్ కేబుల్‌లోనే పంపే సప్లై) 48 వోల్టులు రెండు 6.8కె రెసిస్టర్ల ద్వారా మైక్ కనెక్టర్ ఎక్స్ఎల్ఆర్ 2, 3 పిన్నులకు వెళుతుంది. ఆ రెండూ ఒకదానికొకటి బాగా సరిపోవాలి, తేడా 0.4 శాతం మించకూడదు. కొన్న ఇరవై రెసిస్టర్లను మల్టీమీటర్‌తో కొలిచి జతలు కట్టుకుంటే సరిపోతుంది. వాటి తర్వాత వచ్చే కప్లింగ్ కెపాసిటర్లు 63 వోల్టులవి పెట్టండి, ప్లస్ వైపు మైక్‌కు ఉండాలి. ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. ఫాంటమ్ ఆన్‌లో ఉండగా కేబుల్ షార్ట్ అయితే, 48 వోల్టులకు ఛార్జ్ అయి ఉన్న ఆ కెపాసిటర్లు ఒక్కసారిగా ప్రీఆంప్ చిప్ లోపలికి డిస్‌ఛార్జ్ అవుతాయి. చిప్ వెంటనే చచ్చిపోకపోవచ్చు, కానీ నాయిస్ పెరుగుతుంది, ఎందుకు పెరిగిందో తెలియక మీరు తల పట్టుకుంటారు. చిప్ ఇన్‌పుట్‌లకు సిరీస్‌లో 10 ఓమ్‌ల రెసిస్టర్లు, అక్కడి నుంచి రెండు సప్లై రెయిల్స్‌కూ డయోడ్లు తప్పనిసరిగా పెట్టండి.

లైన్ ఇన్‌పుట్‌కు ఒక ఆప్-ఆంప్, నాలుగు రెసిస్టర్లతో డిఫరెన్షియల్ ఆంప్ కడతారు. అందులో 1 శాతం రెసిస్టర్లు వాడితే, అవి ప్రతికూలంగా కలిసినప్పుడు కామన్ మోడ్ రిజెక్షన్ (రెండు తీగల్లోనూ ఒకేలా వచ్చే శబ్దాన్ని కొట్టేసే శక్తి) 34 డీబీకి పడిపోతుంది. 0.1 శాతం రెసిస్టర్లయితే అలాంటి పరిస్థితిలో కూడా 54 డీబీ ఉంటుంది. ఖర్చు పెట్టాల్సిన చోటు ఇదే.

ఈక్యూ విషయానికొస్తే, హై, లో షెల్వింగ్‌కు పీటర్ బాక్సాండాల్ 1952లో ప్రచురించిన సర్క్యూట్‌ను మించింది ఇప్పటికీ అక్కర్లేదు. దానికి ముందు 80 లేదా 100 హెర్ట్జ్ దగ్గర ఒక హై-పాస్ ఫిల్టర్, ఓపిక ఉంటే ఒక స్వీప్ మిడ్ (ఫ్రీక్వెన్సీని జరుపుకోగల మిడ్ కంట్రోల్). కానీ ఒక ఉచ్చు గుర్తుంచుకోండి: బాక్సాండాల్ స్టేజ్ సిగ్నల్‌ను తలకిందులు చేస్తుంది. ఈక్యూ బటన్ ఆపినప్పుడు సిగ్నల్‌ను నేరుగా పక్కదారి పట్టిస్తే ఆ ఛానల్ పొలారిటీ మారిపోతుంది. డ్రమ్ మీద రెండు మైకులు పెట్టి, ఒకదానికి ఈక్యూ ఆన్, ఇంకోదానికి ఆఫ్ చేస్తే లో ఎండ్ మొత్తం మాయమవుతుంది. అందుకే ఈక్యూకు ముందు ఇంకో ఇన్వర్టింగ్ స్టేజ్ పెట్టి, ఆ రెండింటినీ కలిపి బైపాస్ చేయండి.

ఇన్సర్ట్ జాక్‌లో (బయటి పరికరాన్ని ఛానల్ మధ్యలో కలిపే జాక్) స్విచ్ కాంటాక్టులు పాతబడితే ఛానల్ అప్పుడప్పుడూ మూగబోతుంది. దానికి ఒక పుష్ బటన్ విడిగా పెడితే ఆ బాధ ఉండదు.

ఫేడర్ 10కె లాగ్, 100 మిల్లీమీటర్ల ప్రయాణం ఉన్నది తీసుకోండి. దాని తర్వాత 10 డీబీ గెయిన్ ఉన్న స్టేజ్ పెడితే సున్నా గీత పై అంచు నుంచి కాస్త కిందికి వస్తుంది, పైకి తోయడానికి చోటు మిగులుతుంది. 5532 ఇన్‌పుట్‌లలో కొద్దిగా బయస్ కరెంట్ పారుతుంది. అది ఫేడర్ ట్రాక్ గుండా వెళితే జరిపినప్పుడల్లా గరగర వినిపిస్తుంది. ఫేడర్‌కు ముందు ఒకటి, వైపర్ తర్వాత ఒకటి, రెండు చోట్లా కెపాసిటర్ ఉంటే ఫేడర్ మెత్తగా నడుస్తుంది. పాన్ పాట్‌ను (సిగ్నల్‌ను ఎడమ, కుడి మధ్య జరిపే నాబ్) మధ్యలో −4.5 డీబీ ఉండేలా చేయండి. స్టీరియోకు −3, మోనోకు −6 సరైనవి, ఇది రెండింటి మధ్య రాజీ.

బస్: అందరూ కలిసే చోటు

ప్రతి ఛానల్ నుంచి 10కె రెసిస్టర్ ఒకటి బస్ తీగకు వస్తుంది. బస్ తీగ ఇన్వర్టింగ్ ఆప్-ఆంప్ మైనస్ ఇన్‌పుట్‌కు వెళుతుంది, ఫీడ్‌బ్యాక్‌లో ఇంకో 10కె. ఆ మైనస్ ఇన్‌పుట్ దాదాపు సున్నా వోల్టుల దగ్గరే నిలబడుతుంది కాబట్టి ఒక ఛానల్ ఇంకో ఛానల్‌ను తాకదు. దీన్నే వర్చువల్ ఎర్త్ మిక్సింగ్ అంటారు. చూడటానికి చాలా అందమైన సర్క్యూట్.

అయితే ఒక్కో ఛానల్‌కు గెయిన్ ఒకటే అయినా, ఆప్-ఆంప్ తన సొంత నాయిస్‌ను మాత్రం ఛానళ్ల సంఖ్య కంటే ఒకటి ఎక్కువ రెట్లు పెంచుకుంటుంది. 8 ఛానళ్లకు 9 రెట్లు, అంటే 19 డీబీ. 16 ఛానళ్లకు 17 రెట్లు, దాదాపు 25 డీబీ. 5532తో, 10కె రెసిస్టర్లతో 16 ఛానళ్లను కలిపితే ఒక్క ఆ స్టేజ్ నుంచే సుమారు −95 డీబీయూ నాయిస్ వస్తుంది. దీని మీద 16 ఛానళ్ల ఫేడర్ బఫర్ల నాయిస్ కూడా వచ్చి చేరుతుంది. అన్నీ సమానంగా ఉంటే 12 డీబీ పెరుగుతుంది. మీ కన్సోల్‌లో ఇంకాస్త మంచి ఆప్-ఆంప్ ఎక్కడైనా వాడాలనుకుంటే ఇక్కడ వాడండి. ఎల్ఎం4562 నాయిస్ 2.7 నానోవోల్టులు, 5532 నాయిస్ 5. కన్సోల్ మొత్తంలో రెండు మూడు చిప్‌లు మారిస్తే సరిపోతుంది.

మ్యూట్ నొక్కినప్పుడు ఆ ఛానల్ రెసిస్టర్‌ను బస్ నుంచి విడదీస్తే నాయిస్ గెయిన్ కూడా తగ్గుతుంది. విడదీయకుండా గ్రౌండ్ చేస్తే నాయిస్ తగ్గదు కానీ ఛానల్ సిగ్నల్ బస్‌లోకి లీక్ కావడం తగ్గుతుంది. చిన్న కన్సోల్‌లో నేను విడదీయడానికే మొగ్గు చూపుతాను.

బస్ తీగ పొడవుగా ఉంటుంది, దానికి గ్రౌండ్‌తో కొన్ని వందల పికోఫారడ్ల కెపాసిటెన్స్ ఏర్పడుతుంది. ఆప్-ఆంప్ ఆసిలేట్ కావడానికి అది చాలు. ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ మీద 47 నుంచి 100 పికోఫారడ్ల కెపాసిటర్ పెట్టండి. 100 పెట్టినా కట్ అయ్యేది 159 కిలోహెర్ట్జ్ దగ్గర, చెవికి తేడా ఉండదు.

గ్రౌండ్: ఇక్కడ తొందరపడొద్దు

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. సమ్మింగ్ ఆప్-ఆంప్ ప్లస్ ఇన్‌పుట్ గ్రౌండ్‌కు కలుస్తుంది. ఛానళ్లు కూడా గ్రౌండ్‌కే కలుస్తాయి. ఈ రెండు గ్రౌండ్‌లూ ఒకటే అని సర్క్యూట్ బొమ్మ చెబుతుంది, రాగి తీగ అలా చెప్పదు. 1 చదరపు మిల్లీమీటరు మందమున్న రాగి తీగకు మీటరుకు 17 మిల్లీఓమ్‌ల రెసిస్టెన్స్ ఉంటుంది. దాంట్లో 100 మిల్లీఆంపియర్లు పారితే 1.7 మిల్లీవోల్టులు. పట్టించుకోనక్కర్లేదు అనిపిస్తుంది కదా? కానీ ఛానళ్లన్నింటి గ్రౌండ్ కలిసి సమ్మింగ్ ఆంప్ గ్రౌండ్ కంటే 1.7 మిల్లీవోల్టులు కదిలితే, ఆ తేడా 16 రెసిస్టర్ల నుంచీ ఒకేసారి లోపలికి వస్తుంది. అవుట్‌పుట్‌లో 27 మిల్లీవోల్టులు, అంటే −29 డీబీయూ హమ్! అంతకుముందు −95 దాకా తెచ్చిన కష్టమంతా ఒక్క తీగలో పోతుంది.

కాబట్టి ఆడియో గ్రౌండ్‌కు కన్సోల్ వెడల్పు మొత్తం ఒక మందపాటి రాగి పట్టీ వేయండి. 20 మిల్లీమీటర్ల వెడల్పు, 2 మిల్లీమీటర్ల మందం ఉంటే మంచిది. ప్రతి ఛానల్ గ్రౌండ్ దానికి పొట్టి తీగతో కలవాలి. సమ్మింగ్ ఆంప్ గ్రౌండ్ కూడా ఆ పట్టీ మీదే, ఛానళ్ల వరుసకు మధ్యలో కలవాలి. పవర్ సప్లై నుంచి వచ్చే గ్రౌండ్ తీగను పట్టీ ఒక చివర కలపండి.

ఆ పట్టీలో కరెంటే పారకుండా చూసుకోవడం ఇంకా మంచిది. ఎల్ఈడీలూ రిలేలూ ఆడియో గ్రౌండ్‌ను ముట్టుకోకూడదు. ఎల్ఈడీని రెసిస్టర్‌తో పాటు ప్లస్, మైనస్ రెయిల్స్ మధ్య కలిపితే దాని కరెంట్ అసలు గ్రౌండ్‌లోకే రాదు. ఆప్-ఆంప్‌ల దగ్గర 100 నానోఫారడ్ల డీకప్లింగ్ కెపాసిటర్‌ను కూడా గ్రౌండ్‌కు కాకుండా రెండు రెయిల్స్ మధ్య పెట్టండి.

ఎక్స్ఎల్ఆర్ 1వ పిన్ సంగతి. కేబుల్ షీల్డ్ మీదుగా వచ్చే చెత్త కరెంట్ ఆ పిన్ నుంచి మీ బోర్డ్ గ్రౌండ్‌లోకి వెళితే ఎంత మంచి డిజైన్ అయినా బజ్ చేస్తుంది. ఆడియో ఇంజనీర్ నీల్ మన్సీ దీన్ని 1995లో ‘పిన్ 1 సమస్య’గా వివరించాడు. దీనికి మందు ఒక్కటే: 1వ పిన్‌ను కనెక్టర్ పక్కనే ఛాసిస్ లోహానికి బిగించడం. బోర్డ్ దాకా తీసుకెళ్లొద్దు. ఆడియో గ్రౌండ్, ఛాసిస్ ఒకే ఒక్క చోట కలవాలి. హమ్ తగ్గుతుందని ఎవరు చెప్పినా మెయిన్స్ ఎర్త్ తీగను మాత్రం తీసేయొద్దు. ఛాసిస్ ఎప్పుడూ ఎర్త్ అయి ఉండాలి. ప్రాణాలకు సంబంధించిన విషయం అది.

పవర్ సప్లై

5532 ఒక్కొక్కటి మామూలుగా 8 మిల్లీఆంపియర్లు తీసుకుంటుంది, గరిష్ఠంగా 16. ఛానల్‌కు 6 చిప్‌లు అనుకుంటే 48 మిల్లీఆంపియర్లు, 16 ఛానళ్లకు 770. మాస్టర్ విభాగంతో కలిపి ఒక్కో రెయిల్‌కు 0.9 ఆంపియర్ దాకా లెక్క తేలుతుంది. ఎల్ఎం317, ఎల్ఎం337 రెగ్యులేటర్లు సరిపోతాయి కానీ హీట్‌సింక్ చిన్నది పెట్టొద్దు. లోపలికి 24 వోల్టులు వచ్చి బయటికి 17 వెళుతుంటే ఒక్కో రెగ్యులేటర్ 6 వాట్లకు పైగా వేడి పుట్టిస్తుంది. వాటి లోహపు వీపు గ్రౌండ్ కాదు, మైకా షీటు లేకుండా బిగిస్తే షార్టే. ఫాంటమ్‌కు మైక్ ఒక్కింటికి గరిష్ఠంగా 10 మిల్లీఆంపియర్లు లెక్క, కాబట్టి 48 వోల్టుల సప్లై 200 మిల్లీఆంపియర్లు ఇచ్చేలా ఉండాలి.

ట్రాన్స్‌ఫార్మర్‌ను కన్సోల్ లోపల పెట్టొద్దు. ఎంత మంచి టొరాయిడ్ అయినా దాని అయస్కాంత క్షేత్రం బస్ తీగల దాకా వస్తుంది. విడి పెట్టెలో పెట్టి, రెండు మీటర్ల కేబుల్‌తో తీసుకురండి. ఆ పెట్టెలో ట్రాన్స్‌ఫార్మర్ సెంటర్ ట్యాప్ రెండు పెద్ద కెపాసిటర్ల మధ్య కలిసే చోటుకు వెళ్లాలి. కన్సోల్‌కు వెళ్లే గ్రౌండ్‌ను ఆ చోటు నుంచి కాకుండా రెగ్యులేటర్ల తర్వాత నుంచి తీసుకోండి. మెయిన్స్ వైరింగ్ ఇంతకుముందు చేయకపోతే, ఫ్యూజ్, ఎర్త్ అన్నీ ఉన్న రెడీమేడ్ సప్లై కొనుక్కోండి.

ప్యానెల్

2 మిల్లీమీటర్ల అల్యూమినియం చాలు, పొడవుంటే వెనక ఒక అడ్డపట్టీ వేయండి. డ్రిల్ చేసే ముందు ప్యానెల్ బొమ్మను అసలు సైజులో ప్రింట్ తీసి అట్టకు అంటించి, నిజమైన నాబ్‌లు గుచ్చి వేళ్లతో తిప్పి చూడండి. స్క్రీన్ మీద బాగా కనిపించిన 15 మిల్లీమీటర్ల ఎడం చేతికి ఇరుకని అక్కడే తెలిసిపోతుంది.

ఒక్క ఛానల్, తర్వాతే మిగతావి

పదహారు బోర్డులు ఒకేసారి ప్రింట్ చేయించొద్దు. ఒక ఛానల్, ఒక మాస్టర్ పూర్తి చేసి, వారం రోజులు నిజమైన పనికి వాడండి. తప్పులన్నీ ఆ వారంలో బయటపడతాయి.

మొదటిసారి కరెంట్ ఇచ్చేటప్పుడు చిప్‌లు సాకెట్లలో పెట్టకుండా ఇవ్వండి. కరెంట్ లిమిట్ ఉన్న బెంచ్ సప్లై అయితే మేలు. ప్రతి సాకెట్‌లో 8వ పిన్ దగ్గర ప్లస్, 4వ పిన్ దగ్గర మైనస్ వస్తున్నాయో లేదో చూసి, ఆపేసి, అప్పుడు చిప్‌లు పెట్టండి. మళ్లీ ఆన్ చేశాక 1, 7 పిన్నుల దగ్గర కొలిస్తే సున్నాకు దగ్గరగా కొన్ని మిల్లీవోల్టులే ఉండాలి. 15 వోల్టుల్లాంటిది కనిపిస్తే ఆ స్టేజ్ ఫీడ్‌బ్యాక్ ఎక్కడో తెగింది. చిప్‌ను వేలితో తాకితే కాలుతోందంటే చాలాసార్లు అది ఆసిలేట్ అవుతోందని అర్థం, ఆసిలోస్కోప్ పెట్టి చూడండి. కేబుల్ కెపాసిటెన్స్ వల్ల అవుట్‌పుట్ ఆప్-ఆంప్‌లు ఇలా చేస్తుంటాయి. సిరీస్‌లో 47 నుంచి 68 ఓమ్‌ల రెసిస్టర్ పెడితే ఆగిపోతుంది.

తర్వాత 1 కిలోహెర్ట్జ్ టోన్‌ను +4 డీబీయూ దగ్గర ఇచ్చి, ప్రతి స్టేజ్ దగ్గర కొలిచి మీ లెవెల్ డయాగ్రమ్‌తో పోల్చండి. ఎక్కడ రెండు డీబీలు తేడా వచ్చినా కారణం దొరికే దాకా ముందుకు వెళ్లొద్దు. కంప్యూటర్, మంచి ఆడియో ఇంటర్‌ఫేస్, రూమ్ ఈక్యూ విజార్డ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంటే ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్, నాయిస్ స్పెక్ట్రమ్ రెండూ చూడొచ్చు.

హమ్ ఉంటే దాని స్వరం జాగ్రత్తగా వినండి, అది ఎక్కడి నుంచి వస్తోందో చాలావరకు చెప్పేస్తుంది. 50 లేదా 60 హెర్ట్జ్ దగ్గర గుండ్రంగా, మెత్తగా ఉంటే ట్రాన్స్‌ఫార్మర్ క్షేత్రం గానీ గ్రౌండ్ లూప్ గానీ. సప్లై పెట్టెను చేత్తో పక్కకు తిప్పినప్పుడు మారితే క్షేత్రమే. 100 లేదా 120 హెర్ట్జ్‌తో మొదలై పైదాకా హార్మోనిక్స్ ఉన్న పదునైన బజ్ అయితే, రెక్టిఫయర్ ఛార్జింగ్ కరెంట్ మీ గ్రౌండ్ తీగలో ఎక్కడో దూరింది, సెంటర్ ట్యాప్ కనెక్షన్ మళ్లీ చూడండి. కేబుల్ పెట్టినప్పుడే బజ్ వస్తే 1వ పిన్ అనుమానించండి.

అన్నీ సరిగ్గా ఉన్నాక మిగతా ఛానళ్లు కట్టండి. ఒక్కో ఛానల్ చేర్చిన తర్వాత, ఫేడర్లన్నీ దించి మాస్టర్ దగ్గర నాయిస్ కొలిచి నోట్‌బుక్‌లో రాసుకుంటూ పోండి. ఆ అంకె నెమ్మదిగా పెరగాలి. ఏదైనా ఛానల్ దగ్గర ఉన్నట్టుండి నాలుగైదు డీబీలు ఎగిరితే ఆ ఛానల్ గ్రౌండ్ తీగనో, రౌటింగ్ స్విచ్‌నో వెంటనే చూడండి. ఇంకో ఆరు ఛానళ్లు బిగించాక అది వెతకడం చాలా కష్టం.

చివరగా ఈక్యూ ఆన్‌లో, ఆఫ్‌లో ప్రతి ఛానల్ పొలారిటీ పరీక్షించి, కన్సోల్‌ను ఒక రోజంతా ఆన్‌లో ఉంచి హీట్‌సింక్ వేడి చూడండి. పని మధ్యలో మార్చిన రెసిస్టర్ విలువలన్నీ సర్క్యూట్ బొమ్మలో సరిదిద్ది, ఒక ప్రింట్ తీసి కింది మూత లోపల అంటించండి.